‘బెటర్’ అనే మాట నేర్పబోయి

మా వీధిలో ఇంగ్లీషు పరీక్షకు చదివే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, “తాతా, ఈ మాటకు అర్థమేంది?” అని అడుగుతుంటారు. చెబుతాను. వాళ్ళు సంతోషంగా రాసుకొని వెళ్ళిపోయాక, చెప్పింది సరేనా అని చాలాసేపు కూర్చొని ఆలోచిస్తాను. అర్థం తప్పు చెప్పానని కాదు. నిఘంటువులో ఉన్నదే చెబుతాను. అయితే ఉన్నది ఉన్నట్టు నేను నేర్పి, నేర్చుకున్న మనిషి దాన్ని స్పష్టంగా పలికి, విన్న మనిషి విన్నది విన్నట్టు నమ్మి, ముగ్గురమూ కలిసి ఒక పిల్ల కాలు మీదికి తెచ్చిన సంగతి ఒకటి నా ఉద్యోగంలో జరిగింది. అందులో ఎవరి పాలు ఎంతో ఈనాటికీ నాకు తేలలేదు. మీరు చదువుకుంటున్నవాళ్ళు, తేల్చగలరేమో చూడండి.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏళ్ళలో నేను కడప జిల్లాలో ఒక మిషను ఆసుపత్రిలో చీటీలు రాసేవాణ్ణి. రోగి రాగానే పేరు, ఊరు, వయసు, బాధ ఏమిటో ఒక చీటీ మీద ఇంగ్లీషులో రాసి లోపలికి పంపాలి. అంతే ఉద్యోగం. బడి చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిందంతా ఊళ్ళోని శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. సాయంత్రం పని దిగగానే అక్కడికి పోయేవాణ్ణి. తెలుగు పుస్తకాల బీరువా మొత్తం చదివేసి, ఇంగ్లీషు బీరువాలో కింది అర మొదలుపెట్టాను. లావుపాటి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి ఉండేది. దాన్ని ఇంటికి ఇవ్వరు. అందుకని అక్కడే బల్ల దగ్గర కూర్చొని నవల చదివినట్టు చదివేవాణ్ణి. నన్ను తికమక పెట్టిన సంగతేమిటంటే, నోరు తిరగని పెద్ద పెద్ద మాటలకు ఒక్క వరుస అర్థం ఉండేది. కమ్, గో, గివ్, టేక్ లాంటి పొట్టి మాటలకు పేజీలకు పేజీలు ఉండేవి. చిన్న మాటలకే ఎందుకంత సంసారమో బోధపడేది కాదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే కొత్త డాక్టరమ్మ ఇంగ్లండు నుంచి వచ్చింది. పొడుగు మనిషి, నడివయసు. మాట తక్కువ, చేతి పని గొప్పది. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. వార్డులో తిరిగేటప్పుడు పాత నర్సమ్మ పక్కన ఉండి, రోగులు చెప్పేది ఇంగ్లీషులో ఆమెకు చెప్పేది. ఇది డాక్టరమ్మకు నచ్చలేదు. రోగి తల్లో పెళ్ళామో చేతులు తిప్పుతూ, కళ్ళు తుడుచుకుంటూ, గాలి ఆడనివ్వకుండా చెప్పుకుపోతారు. నర్సమ్మ అంతా విని, మంచం మీది మనిషిని ఒకసారి చూసి, “బెటర్, డాక్టర్” అంటుంది. అంతే.

“అంత సేపు చెప్పింది ఈ ఒక్క మాటేనా?” అని డాక్టరమ్మ అడిగేది.

“అంతే, డాక్టర్.”

ఇంతలో నర్సమ్మ కూతురి కానుపుకని సెలవు పెట్టి నంద్యాల పోయింది. మిగిలిన నర్సులు మలయాళ దేశపు పిల్లలు. వాళ్ళకు వచ్చిన తెలుగు నాకు వచ్చిన మలయాళమంత. డాక్టరమ్మ ఒక రోజు నా కిటికీ దగ్గరికి వచ్చి, “నువ్వు గ్రంథాలయంలో చదువుకున్నావట కదా. రోగుల దగ్గర ఉండే వాళ్ళకు కొన్ని ఇంగ్లీషు మాటలు నేర్పగలవా? వాళ్ళ మాట నాకు సూటిగా కావాలి. మధ్యలో ఎవరూ వద్దు” అంది.

నేర్పగలవా అని అడగడమా! ఆ పూట నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

వార్డు వెనక రేకుల సావిడి ఉండేది. రోగుల మనుషులు అక్కడ మూడేసి రాళ్ళు పెట్టి వండుకునేవాళ్ళు. పొద్దున్నే వాళ్ళు పొయ్యిలు ఊదుకుంటుంటే నేను మధ్యలో నిలబడి పాఠం చెప్పేవాణ్ణి. డోన్ నుంచి పెళ్ళానికి వైద్యం చేయించడానికి వచ్చిన ముసలాయన ఒకడుండేవాడు. రైలు పట్టాల మీద కూలీ చేసి మానుకున్నవాడు.

“నాకు ఇంగ్లీషు ముందే వచ్చునప్పా. సిగ్నలు, గార్డు, లేటు. అన్నీ వచ్చు” అన్నాడు మొదటి రోజే.

“మంచిది పెద్దాయనా. ఈ రోజు మాట పెయిన్. పెయిన్ అంటే నొప్పి.”

“ఏ నొప్పి? పోటా, సలుపా, తీపా, మంటా, గుంజుడా?”

“అన్నీ పెయినే.”

“అన్నీ ఒకటే అయితే ఆ మందుల గదిలో అన్ని సీసాలు ఎందుకు పెట్టినారప్పా?”

మందుల గది కిటికీలోంచి కాంపౌండరు పకపకా నవ్వాడు. ఆయనకు నా పాఠాలంటే వేళాకోళం. “చెప్పు పండితా, జవాబు చెప్పు. ఊరికే నోరు తెరుచుకోని ఉండావే!”

పెయిన్‌ను అంతటితో చాలించాను. మరునాడు స్లీప్, ఈట్, వాటర్, యెస్, నో, ఆ తర్వాత నైట్, నాట్, మై, యువర్, బాయ్, గర్ల్ మొదలుపెట్టాను.

అందరిలోకీ చురుకైన మనిషి వేంపల్లె పక్క పల్లెటూరి నుంచి వచ్చిన ఒక తల్లి. ముప్పై ఏళ్ళు ఉండవు. చెనిక్కాయ చేలల్లో కూలికి పోయే మనిషి. ఆమె కూతురికి ఆరేడేళ్ళుంటాయి. మోకాలి కింద ఎముకలో చీము పట్టింది. డాక్టరమ్మ కోసి, చీము తీసి, పెన్సిలిన్ సూదులు వేయిస్తోంది. ఆ తల్లి ఒక చేత్తో సంగటి గెలుకుతూ, మాట చెవిన పడగానే పట్టేసేది. మళ్ళీ అడిగితే తడుముకోకుండా చెప్పేది. “ఈమెను బడికి పంపి ఉంటే నా ఉద్యోగం పోయేది” అని కాంపౌండరుతో అన్నాను.

అంతా బాగా నడుస్తుండగా ‘బెటర్’ దగ్గర బండి ఆగింది.

“బెటర్ అంటే ముందుకంటే మేలు. రోగం తగ్గుతోంది, మనిషి బాగవుతున్నాడు అని చెప్పడానికి వాడాలి. అనండి, బెటర్.”

ఎవరూ అనలేదు. పొయ్యిలు ఊదే చప్పుడు మాత్రం వినబడింది.

“కష్టమైన మాట కాదు. పెద్దాయనా, నువ్వు అను.”

ముసలాయన తల గోక్కున్నాడు. “ఆ మాట మాకెందుకప్పా? డాక్టరమ్మ దగ్గరే ఉండనీ. ఆమె అంటాదిలే.”

వేంపల్లె తల్లిని చూశాను. ఆమె సంగటి కుండలోకి చూస్తోంది. పెయిన్ అంటే పిల్లలు పద్యం చెప్పినట్టు గొంతెత్తి చెప్పినవాళ్ళు, నో స్లీప్ అంటే పోటీలు పడినవాళ్ళు, ఈ ఒక్క మాట దగ్గర ఎందుకు మూగబోయారో నాకు తెలియలేదు. పలకడం రాలేదేమో అనుకున్నాను. ముక్కలు చేసి పలికి చూపించాను. అప్పటికీ లేదు. సరే, ఇంకో రోజు చూద్దామని వదిలేశాను.

డాక్టరమ్మ నర్సులను దూరం పెట్టి, తనే మంచాల దగ్గరికి వెళ్ళి అడగడం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర నిలబడి వినేవాణ్ణి. వేంపల్లె తల్లి దగ్గర ఆగి, “పెయిన్?” అంది.

“యెస్ మేడమ్. నైట్ పెయిన్. నో స్లీప్. నో ఈట్.”

డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగి తల ఊపింది. చీటీలు రాసేవాణ్ణి, నేనూ ఆ వార్డులో వైద్యం చేస్తున్నట్టే అనిపించింది.

రోజులు గడిచాయి. ఆ జవాబు మారలేదు. యెస్, పెయిన్. నో స్లీప్. నో ఈట్. డాక్టరమ్మ ముఖంలో వెలుగు పోయి ముడతలు వచ్చాయి. జ్వరం పోయింది, పైన గాయం మానుతోంది. కాని రాత్రిపూట నొప్పి తగ్గలేదని తల్లి చెబుతోంది. అంటే ఎముక లోపల ఎక్కడో చీము దాగి ఉందని ఆమె అనుమానం. లోపల చూసే ఎక్స్‌రే మిషను మాకు లేదు. పిల్లను తాకి చూద్దామంటే, తెల్లకోటు కనబడగానే కిటికీలు అదిరేటట్టు ఏడ్చేది. ఎక్కడ నొక్కినా ఒకే ఏడుపు. ఇక మిగిలింది తల్లి మాట ఒక్కటే.

ఒక సాయంత్రం డాక్టరమ్మ నన్ను పిలిచి చెప్పింది. ఎల్లుండి పొద్దున మళ్ళీ కోసి, ఎముక తొలిచి లోపల చూస్తుందట. కాలు పొట్టిదై పోవచ్చు. చీము బాగా పాకి ఉంటే కాలే తీసేయాల్సి రావచ్చు. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. “తల్లికి ఇంత సంగతి ఆ నాలుగు మాటల్లో చెప్పలేను. నువ్వు చెప్పు” అంది.

సరే అని తల ఊపలేకపోయాను. ఎందుకంటే, ఆ రోజే మధ్యాహ్నం ఆ పిల్లను నేను ఆవుల కొట్టం దగ్గర చూశాను. ఆసుపత్రికి రెండు పాడి ఆవులు ఉండేవి. అది దూడ తోక పట్టుకొని, కుంటుతూ అయినా, రెండు కాళ్ళ మీదా ఉరుకుతోంది. నేను “ఏయ్” అనగానే పారిపోయింది. అంతకు ముందు సావిడిలో సంగటి ముద్ద మీద ముద్ద తింటుంటే కూడా చూశాను. వార్డులో తల్లి చెప్పేది మాత్రం నో ఈట్. ఏది నమ్మాలి? నా కళ్ళనా, నా విద్యార్థినినా?

మొదట అనుకున్నది, ఆమె యెస్ నో తారుమారు చేసుకుందని. అయితే తప్పు నా పాఠంలోనే ఉందన్నమాట. పరుగున సావిడికి వెళ్ళి పరీక్ష పెట్టాను.

“అమ్మా, పొద్దు తూర్పున పొడుస్తాదా?”

“యెస్.”

“ఆవు గుడ్డు పెడతాదా?”

“నో.” చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

“మీ ఊర్లో బావిలో నీళ్ళుండాయా?”

“నో నో నో!” అని ఆమె అంటే డోన్ ముసలాయన చెయ్యెత్తి, “మా ఊర్లోనూ నో” అన్నాడు.

తారుమారు కాలేదు. మరి ఎందుకు? కాంపౌండరును అడిగాను. “ఇంతోటి దానికి నిఘంటువు ఎందుకప్పా? ఈడ రెండు పూటలా గింజలు ఇస్తాండారు. ఊర్లో ఏముండాది, కరువు తప్ప? ఇంకా నాలుగు దినాలు ఉండేదానికి చెప్తాంది” అన్నాడు. అదీ నిజం కావచ్చు. కాని ఆ మనిషి రోజూ మొగుడు ఒక్కడే ఉన్న ఎకరం చేను ఎట్లా దున్నుకుంటాడో అని గోల పెట్టేది. ఉండాలనుకునే మనిషి అలా అనదు. అసలు లోపల చీము నిజంగానే ఉండి, పిల్ల పగలు ఆడి రాత్రి ఏడుస్తోందా? అదీ కావచ్చు. ఎటు తిప్పినా కొస దొరకలేదు. గ్రంథాలయానికి వెళ్ళి పెయిన్, స్లీప్, ఈట్, నో నాలుగింటికీ నిఘంటువు మళ్ళీ తిరగేశాను. నేను నేర్పిన అర్థాలే అక్కడ ఉన్నాయి. మూసేసి వచ్చాను.

మరునాడు పొద్దున ఆమెను పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆపరేషన్ అనగానే కూలబడిపోయింది.

“మళ్ళా కోస్తారా? ఎందుకన్నా?”

“నువ్వు చెప్పినావు గదమ్మా, రాత్రంతా నొప్పి, నిద్ర లేదు అని.”

“అట్లంటే కోస్తారా?”

“మరి నిజంగా నొప్పి ఉందా, లేదా?”

ఆమె అటూ ఇటూ చూసింది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మెల్లగా అడుగన్నా. ఎవురన్నా ఇంటారు.”

అప్పుడు చెప్పింది. ఈ పిల్లకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. పెద్దవాడు పాకే వయసులో, ఇంటికి వచ్చిన చుట్టాలు అడిగితే, ‘బాగుండాడు, బాగా తింటాండాడు’ అని నలుగురిలో అంది. వారం తిరగలేదు. రెండోవాడి విషయంలోనూ నోరు జారింది. అప్పటి నుంచి ఈ బిడ్డ గురించి ఎవరడిగినా ఒకటే మాట, ఏం బాగు, అట్లే ఉండాది అని.

నా నెత్తిన ఎవరో చెంబెడు చల్లనీళ్ళు కుమ్మరించినట్టయింది. ఈ అలవాటు నాకు తెలియనిది కాదు. మా అమ్మ నన్ను చూసి ఒక్క రోజైనా బాగున్నావు అనలేదు. సావిడిలో బెటర్ దగ్గర అందరూ ఎందుకు నోరు మూసుకున్నారో, పాత నర్సమ్మ అన్ని మాటలూ విని ఏ ధైర్యంతో బెటర్ అని ఒక్క ముక్కలో తేల్చేదో ఇప్పుడు తెలిసింది. ఆమె వాళ్ళ మాటను కాదు, మాట వెనక మనిషిని చెప్పేది. నాకు తట్టనిది ఒకటే. ఆ అలవాటు తెలుగులో ఉండేదనుకున్నాను. ఇంగ్లీషులోకి కూడా నడిచి వస్తుందనుకోలేదు.

“అమ్మా, తెలుగులో అనొద్దులే. ఇంగ్లీషులో అంటే ఏమీ కాదు. దిష్టికి ఇంగ్లీషు రాదు.”

ఆమె నన్ను జాలిగా చూసింది. “ఈ నాలుగు దినాల్లో నాకే వచ్చింది. దానికి రాదా?”



“అయితే కాలు పోయినా సరేనా?”

“అట్లనొద్దన్నా! నువ్వు చెప్పు. నువ్వు దాని కన్నోడివి గాదు, నీ మాట తగలదు. నేను మాత్రం నా నోటితో అననంటే అనను.”

వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాను. చెప్పడానికి ప్రయత్నించాను అనాలి. దిష్టికి ఇంగ్లీషు మాట ఏమిటో నాకు తెలియదు. గ్రంథాలయంలో ఉన్నది ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చే నిఘంటువు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయే దారి అందులో లేదు. “మేడమ్, మా వైపు తల్లులు బిడ్డ బాగుందని చెప్పరు. ఆ పిల్లకు నొప్పి లేదు. నిన్న దూడ వెంట ఉరకడం నేను చూశాను” అన్నాను.

“ఆమెకు యెస్, నో తెలుసా?”

“తెలుసు, మేడమ్. బాగా తెలుసు.”

“నొప్పి లేకపోతే ఉందని ఏ తల్లి చెబుతుంది?”

అదే చెబుతున్నాను అనబోయి మాట దొరక్క ఆగిపోయాను. ఆమె కోపపడలేదు. అలసటగా, “నువ్వు మంచివాడివి. కాని రాత్రి ఆ పిల్ల పక్కన పడుకునేది నువ్వు కాదు. తల్లి. చీము వదిలేసి నేను తప్పు చేస్తే ఆ పిల్ల బతకదు. మీ వైపు ఇలా అంటారు అనే మాట మీద ఒక ప్రాణాన్ని పెట్టలేను” అంది. ఆలోచిస్తే అదీ సబబుగానే ఉంది. ఆమె మాట సబబు, ఈమె భయం సబబు. ఇద్దరి మధ్య ఆ పిల్ల కాలు.

ఆపరేషన్ పొద్దున వచ్చింది. గది బయట వరండాలో పిల్లను బల్ల మీద కూర్చోబెట్టారు. తల్లి పక్కన నిలబడి ఉంది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూడగానే గబగబా వచ్చి, “అన్నా, ఆవుల కొట్టంలో తవుడుంటాది గదా. ఒక దోసెడు తెచ్చియ్యి” అంది.

“తవుడా? ఇప్పుడెందుకు?”

“తెచ్చియ్యన్నా, దండం పెడతా. అడగొద్దు.”

మనిషికి మతి చలించిందేమో అనుకున్నాను. అయినా ఆ కళ్ళు చూసి కాదనలేక తెచ్చాను. ఒక పాత చీటీ పొట్లంలో పోసి ఇచ్చాను. అంతలో డాక్టరమ్మ గదిలోంచి తలుపు దగ్గరికి వచ్చింది. మోచేతుల దాకా సబ్బుతో తోముకొని, ఏదీ తగలకుండా రెండు చేతులూ పైకెత్తి పట్టుకొని ఉంది. పిల్ల ఏడుపు లంకించుకుంది.

తల్లి ఒక్క అంగలో వెళ్ళి డాక్టరమ్మ చేతులు పట్టి కిందికి దించి, దోసిట్లో తవుడంతా పోసింది. తన కొంగు విప్పి ఆ చేతుల కింద చాపింది. డాక్టరమ్మ ఉలిక్కిపడి ఏదో అని అరిచి చేతులు వదిలేసింది. తవుడంతా కొంగులో పడింది.

తల్లి కొంగు ముడి వేసుకుంది. గుండెల నిండా గాలి పీల్చుకుంది.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. మా వైపు పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను ఎవరికో ఒకరికి దోసెడు తవుడుకు అమ్మేస్తారు. అమ్మాక బిడ్డ వాళ్ళది. కన్నవాళ్ళ దురదృష్టం దాన్ని అంటదు. మా ఇంటి పక్కనే అలా అమ్ముడుపోయిన మనిషి ఉన్నాడు. కాని ఒక దొరసానికి, ఆపరేషన్ గది గుమ్మంలో, ఆమె చేత ఆమె ఆవుల తవుడే ఇప్పించి బిడ్డను అమ్మడం మాత్రం నేను కలలో కూడా ఊహించలేదు.

నర్సులు కేకలు వేస్తున్నారు. డాక్టరమ్మ తవుడంటిన చేతులు చూసుకుంటూ, “ఏమిటిది? ఈమెకేమైంది?” అని నన్నే అడుగుతోంది. నేను నోరు తెరిచేలోపే తల్లి బల్ల మీది పిల్లను చూపించి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నేను పాఠం చెబితే గొంతెత్తి చెప్పినట్టే, ఆసుపత్రి అంతా వినబడేటట్టు చెప్పింది.

“మేడమ్! యువర్ గర్ల్. నాట్ మై గర్ల్. యువర్ గర్ల్ నో పెయిన్. ఈట్, యెస్. నైట్ స్లీప్, యెస్. బెటర్! బెటర్! బెటర్!”

సావిడిలో ఒక్కసారి కూడా పలకని మాట. మూడుసార్లూ తప్పు లేకుండా పలికింది.

డాక్టరమ్మ నన్ను చూసింది. “నా అమ్మాయా?”

“అవును, మేడమ్. మీరు కొన్నారు.”

“నేనా? ఎప్పుడు?”

“ఇప్పుడే. తవుడిచ్చి.”

ఈ లోపల తల్లి పిల్లను బల్ల దించి వీపు మీద చెయ్యి వేసి, “పో పాపా, మీ అమ్మ దగ్గరికి పో. నడువ్” అంది. పిల్ల ఏడుస్తూనే, వెనక్కి చూస్తూ చూస్తూ, రెండు కాళ్ళ మీదా నడుచుకుంటూ పోయింది. డాక్టరమ్మ నేల మీద మోకాళ్ళూని కూర్చుంది. పిల్ల దృష్టి ఆమె వేళ్ళకు అంటిన తవుడు మీద పడింది. తెల్లకోటు వేసుకున్న మనిషి చేతులు దూడ మూతిలా ఉండడం దానికి వింతగా తోచిందేమో, ఏడుపు ఆపి వేలితో ఆ తవుడు గీకడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఒక చెయ్యి దానికి వదిలేసి, రెండో చేత్తో మోకాలి నుంచి మడమ దాకా ఎముకను అంగుళం అంగుళం నొక్కుతూ వచ్చింది. గట్టిగానే నొక్కింది. పిల్ల తన పని తాను చేసుకుంటోంది.

డాక్టరమ్మ లేచి, ఈ రోజు ఆపరేషన్ లేదని నర్సులకు చెప్పింది. చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి, మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలియదు. ఏ భాషలోనూ తెలియదు.

తర్వాత కొన్నాళ్ళు పిల్లను వార్డులోనే ఉంచి గమనించారు. కాలు పూర్తిగా నయమైంది. ఇంటికి పంపే రోజు ఇంకో చిక్కు వచ్చింది. తల్లి మూట కట్టుకొని గేటు బయటికి వెళ్ళి నిలబడింది. పిల్ల వార్డు మెట్ల మీదే కూర్చొని ఉంది. డాక్టరమ్మ గాభరాగా నా దగ్గరికి వచ్చింది. “వదిలేసి పోతోందా?” అని నా చొక్కా పట్టుకున్నంత పని చేసింది. నేను గేటు దగ్గరికి ఉరికాను.

“ఏమ్మా, పాపను ఈడ పెట్టి పోతాండావా?”

“నా పాప యాడిదన్నా? ఆమెది గదా. ఆమె తన చేతులతో ఇచ్చి, పెంచమని అడగల్ల. ఊరికే ఎత్తుకొని పోతే అమ్మింది చెల్లదు. మళ్ళా నాదే అయితాది.”

వెనక్కి వచ్చి చెప్పాను. పెంచమని అడగడానికి ఏ మాట వాడాలో తెలియక పశువులకు వాడేదీ, మొక్కలకు వాడేదీ, బడికి వాడేదీ అన్నీ కలిపేశాను. డాక్టరమ్మ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. ఆమెకు ఏమర్థమైందో, ఎంత అర్థమైందో చెప్పలేను. పిల్లను ఎత్తుకుంది. టోపీ కూడా పెట్టుకోకుండా ఆ మండుటెండలో గేటు దాకా నడిచి వెళ్ళి, పిల్లను తల్లి చంకలో పెట్టి, ఒక్కో మాటా విడదీసి, “ప్లీజ్ లుక్ ఆఫ్టర్ మై డాటర్” అంది.

లుక్ ఆఫ్టర్ నేను పాఠంలో చెప్పలేదు. అర్థం చెప్పబోయాను. తల్లి నా వైపు చూడనే లేదు. “యెస్ మేడమ్” అంది.

వేంపల్లె బస్సు వస్తే నేను మూట అందించడానికి వెళ్ళాను. బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ పిల్లకు చోటిస్తూ, “ఎవురి బిడ్డమ్మే ఇది? కాలికేమయ్యిండె?” అని అడిగింది. నేను మూట అందిస్తూ ఆగిపోయాను. తల్లి పిల్లను ఒళ్ళోకి లాక్కొని, తల నిమిరి, బస్సులో అందరికీ వినబడేటట్టు మొదలుపెట్టింది.

“డాక్టరమ్మ బిడ్డక్కా. నేను పెంచుకుంటాండా. కాలికేముండాది, జింకపిల్ల మాదిరి ఉరుకుతాది! రెండు ముద్దలు పెడితే మూడోది అడుగుతాది. పండుకుంటే పొద్దు పొడిచేదాకా లేయదు. సూడు దాని మొగం, ఎంత కళగా ఉండాదో! బంగారట్లాంటి బిడ్డక్కా, శానా బాగుండాది, శానా శానా బాగుండాది...”

బస్సు కదిలింది. ఎర్రదుమ్ములో మలుపు తిరిగేదాకా ఆమె ఆపలేదు.